మిన్నెసోటాలో లాన్ స్ప్రింక్లర్ పగిలితే బాపు, నేను బాగు చేసుకున్న కథ – నా అనుభవం

మేం ఉండేది మిన్నెసోటాలో, మినియాపోలిస్ పక్కన మేపుల్ గ్రోవ్. ఇల్లు కొన్నప్పుడే లాన్ కింద స్ప్రింక్లర్ సిస్టమ్ ఉండె, ఆరు జోన్లు (ఒక్కో వాల్వ్ మీద నడిచే లాన్ భాగాలు), ముందట మూడు వెనక మూడు, గరాజ్ గోడకు కంట్రోలర్. మే నుంచి సెప్టెంబర్ దాకా తెల్లారి అయిదింటికి దానంతట అదే ఆన్ అయి నీళ్లు పెట్టుకుంటది, ఇంక మనకేం పని లేదు అనుకున్న. చలికాలం ముందు చేసే పని ఎంత ముఖ్యమో నాకు మూడో ఏడు నేనే చేసి దెబ్బతింటె గాని తెల్వలేదు. తెలిసేసరికి దాదాపు 600 డాలర్లు, మే నెలలో అన్ని వీకెండ్లు పోయినయి. ఇప్పుడు ఎందుకు రాస్తున్న అంటే, ఇక్కడ కొత్తగా ఇండ్లు కొంటున్న మనోళ్లు చాలామంది నాలెక్కనే ఆలోచిస్తున్నరు, గరాజ్‌లో చిన్న కంప్రెసర్ ఉంది కదా మనమే ఊదేద్దాం అని.

ముందు ఈ ఊదుడు ఏందో చెప్త. ఇక్కడ చలికి భూమి పైనుంచి గడ్డకట్టుకుంట కిందికి దిగుతది. మా దిక్కు ఇంటి పునాది కనీసం 42 అంగుళాల లోతు ఉండాలని కోడ్, చలి అంత లోతుకు పోతదని. స్ప్రింక్లర్ పైపులేమో ఎనిమిది, పది అంగుళాల లోతులోనే ఉంటయి. జనవరిలో మైనస్ 20 ఫారెన్‌హీట్ మా దగ్గర వింతేం కాదు, మరి ఆ పైపుల్లో నీళ్లుంటే గడ్డకట్టక ఏమైతది. గడ్డకట్టినప్పుడు నీళ్లు దాదాపు 9 శాతం ఉబ్బుతయి, ఉబ్బడానికి జాగా లేకపోతే పైపును చీల్చి జాగా చేసుకుంటయి. అందుకే అక్టోబర్‌లో కంప్రెసర్ పెట్టి గాలితో నీళ్లన్నీ బయటికి కొడతరు, బ్లోఅవుట్ అంటరు దీన్ని.

మొదటి రెండేండ్లు ఒకాయన ట్రక్కు వెనక పెద్ద కంప్రెసర్ తగిలించుకొని వచ్చి ఊదిపోయేటోడు, 90 డాలర్లు, ఇరవై నిమిషాల పని. మూడో ఏడు నాకు అనిపించింది, ఇరవై నిమిషాలకు 90 డాలర్లు ఎందుకు, నా దగ్గర ఆరు గ్యాలన్ల కంప్రెసర్ ఉంది, కార్ టైర్లకు కొన్నది, వీడియోలు చూసి నేనే చేస్త అని. అప్పటికే అక్టోబర్ చివరి వారం. బేస్‌మెంట్‌లో మెయిన్ వాల్వ్ బంద్ చేసిన, దాని పక్కన ఉండే చిన్న డ్రెయిన్ క్యాప్ విప్పి బకెట్ పట్టిన, అక్కడిదాకా కరెక్టే. రెగ్యులేటర్ 50 పీఎస్ఐకి (ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని) పెట్టిన, అదీ కరెక్టే, నల్ల పాలీ (పాలిథిలీన్) పైపుకు 50 దాటొద్దు అంటరు. ఒక్కో జోన్ ఆన్ చేసి గాలి వదిలిన. మొదలు నీళ్లు ఎగజిమ్మినయి, అర నిమిషానికి ట్యాంకు ఖాళీ, మళ్లీ నిండేదాకా ఆగుడు, మళ్లీ వదులుడు. రెండు మూడు సార్లకు హెడ్ల (గడ్డిలోంచి పైకి లేచి నీళ్లు చిమ్మేవి) నుంచి పొగలెక్క తుంపర వచ్చింది. అయిపోయింది అనుకొని తర్వాతి జోన్‌కు పోయిన.

అక్కడే దెబ్బతిన్న. గాలి ప్రెషర్ ఒక్కటే సరిపోదు, గాలి ఎంత వస్తుందనేది అసలు లెక్క. నా కంప్రెసర్ నిమిషానికి రెండున్నర, మూడు ఘనపుటడుగుల గాలి ఇస్తది, ఆయన తెచ్చే పెద్దదానిమీద 185 అని రాసి ఉంటది. గాలి తక్కువున్నప్పుడు అది నీళ్లను నెట్టదు, నీళ్ల మీదినుంచి పోతది. పైపు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ నీళ్లు అట్లనే పండుకొని ఉంటయి, పైన మాత్రం హెడ్ నుంచి తుంపర కనిపిస్తది, మనం ఖాళీ అయిందనుకుంటం. పైపు ఖాళీ అయిందని తుంపరను చూసి నమ్మొద్దు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఇంటి బయట గోడకు ఇత్తడి పీవీబీ ఉంటది, పూర్తి పేరు ప్రెషర్ వాక్యూమ్ బ్రేకర్. లాన్‌లో ఎరువు, మందులు, కుక్కల మలం తగిలిన నీళ్లు వెనక్కి గుంజుకొని మనం తాగే నీళ్లల్ల కలవకుండా ఆపేది ఇదే. మన బోరు మోటర్‌కు నీళ్లు వెనక్కి రాకుండ ఎన్ఆర్‌వీ పెడతరు చూడండి, ఆ జాతిదే, కాకపోతే లోపల ప్రెషర్ పడిపోయినప్పుడు పైన గాలికి తెరుచుకునే మూత కూడా ఉంటది. అందుకే దాన్ని లాన్‌లో అన్నిటికన్నా ఎత్తున్న హెడ్ కంటె కనీసం 12 అంగుళాల పైన పెట్టాలె. దానికి అటొకటి ఇటొకటి రెండు బాల్ వాల్వ్‌లు. నేనేం చేసిన అంటే, బ్లోఅవుట్ అయినంక ఆ రెండు హ్యాండిళ్లు గట్టిగ బంద్ చేసిన. బంద్ చేస్తే సేఫ్ కదా అని. వాటి నడుమ ఇత్తడి బాడీలో నీళ్లు ఉండిపోయినయి. బాల్ వాల్వ్ లోపలి గుండులో కూడ గుక్కెడు నీళ్లు ఇరుక్కుంటయి. రెండు హ్యాండిళ్లను 45 డిగ్రీల్లో, అంటే తెరిచీ తెరవనట్టు ఏటవాలుగ వదలాలె, పక్కన ఉండే చిన్న టెస్ట్ కాక్‌లు (టెస్ట్ గేజ్ తగిలించే చిన్న నల్లాలు) కూడా స్క్రూడ్రైవర్‌తో సగం తిప్పి పెట్టాలె. నాకు ఈ ముక్క ఎవ్వరు చెప్పలే, నేను అడగలే.

ఏప్రిల్ చివర్ల బాపు, అమ్మ వచ్చిన్రు. మాది నల్లగొండ దిక్కు, నాలుగెకరాల బత్తాయి తోట, బాపు పదిహేనేండ్లకు పైగా డ్రిప్పు మీదనే పెంచుతున్నడు. ఇక్కడికొస్తే ఆయనకు పొద్దు పోదు. మే మొదటి శనివారం సిస్టమ్ ఆన్ చేద్దాం రా బాపు అంటే చెప్పులేసుకొని ముందే బయట నిలబడ్డడు. నేను బేస్‌మెంట్‌లో మెయిన్ వాల్వ్ దగ్గర, ఆయన బయట పీవీబీ దగ్గర. ఒక్కసారే తిప్పితే నీళ్లు దబ్బున పోయి కొడతయని మెల్లగ పావు వంతు తిప్పిన. వెంటనే బయటినుంచి ఒకటే కేక, "ఆపురా, ఆపు ఆపు!" ఉరికి బయటికొచ్చి చూస్తే పీవీబీ పైనుంచి నీళ్లు కిటికీ దాక లేచి పడుతున్నయి, బోరు పడ్డప్పుడు లేస్తయి కదా అట్ల. బాపు అంగి మొత్తం తడిసింది, మే మొదట్ల ఆ నీళ్లు ఐసు లెక్కనే ఉంటయి, ఆయన మాత్రం కదలకుండ నిలబడి ఎక్కడినుంచి వస్తున్నయో చూస్తున్నడు.

మూత విప్పితే లోపలి ప్లాస్టిక్ బానెట్ (లోపలి కప్పు) రెండు ముక్కలు, దాని కింద పాపెట్ (గాలికి తెరుచుకునే ఆ మూత) వంకరపోయింది. ఇది చాలా ఇండ్లల్ల అయ్యేదే, రిపేర్ కిట్ దొరుకుతది, 35 డాలర్లకు తెచ్చి అరగంటలో మార్చిన. మళ్లీ ఆన్ చేస్తే పైన లీకు లేదు, కానీ బాడీ కింద నుంచి చుక్క చుక్క. నేను కీలు దగ్గర టేపు చుట్టాలనుకున్న. బాపు వద్దన్నడు. తన తువ్వాలతో ఇత్తడిని పొడిగ తుడిచిండు, మొత్తం పొడిగ, మూలమూలల. "ఇప్పుడు కొంచెమే ఇప్పు" అన్నడు. విప్పిన. ఇద్దరం వంగి చూస్తున్నం. ఒక్క నిమిషం ఏం లేదు. తర్వాత ఇత్తడి పక్కన వెంట్రుక మందాన ఒక తడి గీత లేచింది, రెండంగుళాలు ఉండొచ్చు, దాని పొడుగునా చెమట పట్టినట్టు సన్న సన్న బొట్లు. బాపు వేలితో గీత మీద రాసి చూపిచ్చిండు. "ఇది టేపుకు ఆగది బిడ్డా, మనిషిని పిలువు."

పీవీబీ మొత్తం మార్చుడు నేను పెట్టుకోలే. తాగే నీళ్ల లైన్‌కు తగిలేది, లైసెన్స్ ఉన్న ప్లంబర్ మార్చి, సర్టిఫికెట్ ఉన్న టెస్టర్ గేజ్ పెట్టి చూడాలె. ప్లంబర్ వచ్చిండు, రాగి పైపు కోసి కొత్తది అతికిండు, టెస్ట్‌తో కలిపి 430 డాలర్లు. ఈ ఒక్కదాంట్లో మాత్రం డబ్బులు మిగిలిచ్చుకునే ఆలోచన ఎవ్వరు చేయొద్దు, పిల్లలు తాగే నీళ్లు అవి.

ఇంక ప్రెషర్ నిలబడ్డది కదా అని ఒక్కో జోన్ ఆన్ చేసుకుంట పోయినం. నేను ఫోన్‌లో ఆన్ చేసేది, బాపు జోన్ పొడుగునా నడిచేది. ఒకటో జోన్ బాగుంది. మూడు బాగుంది. నాలుగోది ఆన్ చేస్తే నాలుగు హెడ్లల్ల ఒక్కటే సగం లేచింది, మిగతావి లేవనే లేవు. బాపు గడ్డిలో నడుసుకుంట పోయి పోయి ఒక్కతాన ఆగిండు, కాలు కింద గడ్డి పరుపులెక్క ఊగుతున్నది. "ఈడున్నది" అన్నడు. చిన్న పల్లం అది, వానలు పడ్డప్పుడు కూడ అక్కడే నీళ్లు నిలుస్తయి. అప్పుడు అర్థమైంది నాకు, అక్టోబర్‌లో నా గాలి మీదినుంచి పోయింది ఇక్కడే అని.

వెంటనే తవ్వొద్దు. ఇక్కడ పార పట్టేముందు 811కి చెప్పాలె, మిన్నెసోటాలో గోఫర్ స్టేట్ వన్ కాల్ అంటరు, రూపాయి ఖర్చు లేదు, శని ఆదివారాలు తీసేసి రెండ్రోజుల ముందు చెప్తే వాళ్లొచ్చి భూమిలో ఏమున్నదో రంగుల జెండాలు పాతి పోతరు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నారింజ ఇంటర్నెట్ కేబుల్. మన స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు చూపెట్టరు, అవి మన సొంతం. మా పల్లం నుంచి నాలుగడుగుల దూరంలో పసుపు జెండా పడ్డది. బాపు ఆ జెండాలను చాలాసేపు చూసిండు, మనూర్ల కూడ జేసీబీ పెట్టేముందు ఇట్ల జెండాలు పాతితే మంచినీళ్ల పైపులు పగలవు కదరా అన్నడు. నిజమే అనిపిచ్చింది.

శనివారం తవ్వినం. గడ్డిని ముక్కలు ముక్కలుగ పొడవకుండా చాపలెక్క నలుచదరంగ కోసి, వేర్లతో సహా ఎత్తి టార్ప్ మీద పెట్టుకోవాలె, మట్టి కూడ ఇంకో టార్ప్ మీదనే, లేకపోతే తర్వాత గడ్డిలో మట్టి ఏరలేక చస్తం. తొమ్మిదంగుళాలకు పైపు తగిలింది, ఒక అంగుళం నల్ల పాలీ పైపు. కప్పుతో బురద నీళ్లు తోడుతుంటే కనిపిచ్చింది. నాలుగంగుళాల పొడుగునా నిలువుగ చీలి ఉంది, అంచులు బయటికి తిరిగి, ఎండిన కందికాయ విచ్చుకుంటది చూడండి, అచ్చం అట్ల. అంత మందపు పైపును నీళ్లు అట్ల చేసినయంటే చేత్తో ముట్టి చూసినదాక నమ్మబుద్ధి కాలే.

బాపు మొహం వెలిగింది. ఇది ఆయనకు తెలిసిన పైపు. "మన లేటరల్‌కు అన్న అసుంటిది ఇది" అన్నడు. లేటరల్ అంటే డ్రిప్పులో చెట్ల వరసల పొంటి పోయే సన్న పైపు. చీలిన ముక్క చుట్టూ మంచి పైపు వచ్చేదాక ఎనిమిదంగుళాలు కోసేసి, కొత్త ముక్క, రెండు పక్కల రెండు జాయినర్లు. నేను జాయినర్ దోపుతుంటే పోతలేదు, చల్లటి పైపు గట్టిగ ఉంటది, పళ్లున్న జాయినర్ సగంలో ఆగుతుంది, నేను బలం పెట్టి తిప్పుతున్న. బాపు లోపలికి పోయి అమ్మతోని వేడినీళ్లు కాగబెట్టిచ్చి స్టీల్ ఫ్లాస్కులో పట్టుకొచ్చిండు. పైపు కొసను ఆ నీళ్లల్ల ఒక నిమిషం ముంచిండు, తీసిన వెంటనే జాయినర్ పెట్టి నేరుగ ఒక్క నెట్టు నెట్టిండు, తిప్పుడు లేదు, కొట్టుడు లేదు, మొదలు దాక పోయి కూసుంది. నిప్పుతో కాల్చొద్దు, పైపు పల్చబడుతది, వేడినీళ్లు చాలు అన్నడు. భూమిలో ఉన్న కొసలు ఫ్లాస్కుకు అందవు కాబట్టి వాటికి తువ్వాల వేడినీళ్లల్ల ముంచి చుట్టిండు.

క్లాంపుల (జాయింట్ మీద బిగించే కడియాలు) దగ్గర మాత్రం ఇద్దరికి మాట పడ్డది. "జాయినర్ గింత గట్టిగ కూసుంటే గీ క్లాంపులు ఎందుకురా" అని బాపు. డ్రిప్పులో లేటరల్‌కు క్లాంపులు ఉండవు, ఎందుకంటే అక్కడ కిలో (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్ మీద నడుస్తది. ఇక్కడ మా ఇంట్ల గేజ్ 60 పీఎస్ఐ చూపెడుతది, అంటే నాలుగు కిలోలకు పైనే. బయట నల్లాకు గేజ్ పెట్టి చూపిచ్చిన. "అబ్బో నాలుగు కిలోలా" అని తనే స్టెయిన్‌లెస్ క్లాంపులు తీసుకొని ప్లయర్‌తో నొక్కిండు. క్లాంపులు ముందే పైపు మీదికి ఎక్కిచ్చుకోవాలె, మేం ఒకదానికి మర్చిపోయి మళ్లీ కోయాల్సి వచ్చింది. తర్వాత గుంత పూడ్చకుండా చివరి హెడ్ విప్పేసి నీళ్లు వదిలినం, బురద నీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాక. డ్రిప్పులో లైన్ కొసన ఉండే ఎండ్ క్యాపులు విప్పి లైన్ కడుగుతరు కదా, అదే పని. జాయింట్లు పొడిగ ఉన్నయని పది నిమిషాలు చూసి అప్పుడు పూడ్చినం.

మిగతావి చిన్నవే. రెండో జోన్ బంద్ చేసినా హెడ్ల నుంచి నీళ్లు కారుతనే ఉండె, వాల్వ్ మూత స్క్రూలు విప్పి చూస్తే డయాఫ్రమ్ (నీళ్లను ఆపే రబ్బరు పొర) కింద గోరంత టెఫ్లాన్ టేపు ముక్క, పీవీబీ మార్చినప్పుడు కొట్టుకొచ్చిందన్నట్టు, తీసి కడిగి బిగిస్తే ఆగింది. వాల్వ్ పాడైందని కొత్తది కొనేముందు ఒకసారి విప్పి చూడండి. ఆరో జోన్ అసలు ఆన్ కాలేదు, మల్టీమీటర్‌తో చూస్తే సాలినాయిడ్ (కరెంటుతో వాల్వ్‌ను తెరిచే కాయిల్) బాగనే ఉంది, 20 నుంచి 60 ఓమ్‌ల మధ్య చూపెడితే మంచిగున్నట్టు, తంతి అతుకు దగ్గర తుప్పు పట్టింది, లోపల గ్రీజు ఉండే వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు వేసిన. రెండు రోటర్ హెడ్లు (గుండ్రంగ తిరుగుకుంట నీళ్లు చిమ్మేవి) డబ్బా పగిలినయి, మార్చిన. హెడ్ విప్పేటప్పుడు చుట్టూ మట్టిని బాగ వెడల్పుగ తియ్యాలె, లేకపోతే మట్టి పైపులో పడి ఇంకో పని. ఈ సామాన్లన్నిటికి 120 డాలర్లు అయినయి.

ఆ అక్టోబర్‌లో నేను ఆలస్యం చెయ్యలే. మా సందులో అయిదిండ్లు తెలుగోళ్లవి, అందరం కలిసి ఆ పాత ఆయననే ఒకే రోజు పిలిచినం, ఇంటికి 75కు ఒప్పుకున్నడు. అక్టోబర్ రెండో వారం. మా పక్కింటి పెద్దాయన 1991 హాలోవీన్ నాటి మంచు ఇప్పటికీ చెప్తడు, మినియాపోలిస్ దిక్కు 28 అంగుళాలు పడ్డది, అందుకే ఆయన అక్టోబర్ 15 దాటనియ్యడు. నేను ఈసారి పక్కన నిలబడి మొత్తం చూసిన. కంప్రెసర్ ఆన్ చేసేముందే ఒక జోన్ తెరిచి పెట్టిండు, గాలికి దారి లేకపోతే పైపులు తట్టుకోవు. దూరం ఉన్న జోన్ నుంచి మొదలుపెట్టిండు. ఒక్కో జోన్ పొడి గాలి వచ్చేదాక, కానీ పొడి అయినంక ఎక్కువసేపు నడవనియ్యలే, నీళ్లు లేకుండ తిరిగితే రోటర్ లోపలి గేర్లు వేడెక్కి పాడైతయి. ఒక రౌండ్ అయినంక మళ్లీ రెండో రౌండ్. ఆ రెండో రౌండ్‌లో మా నాలుగో జోన్ నుంచి మళ్లీ చెంబెడు నీళ్లు వచ్చినయి, పల్లంలో కూడుకున్నవి. చివర పీవీబీ హ్యాండిళ్లు ఏటవాలుగ వదిలిండు. బాపు, అమ్మ ఆ వారమే వాపస్ పోయేది, బాపు వచ్చి ఆ హ్యాండిళ్లు చూసి, టెస్ట్ కాక్‌లు తనే ఒకసారి ముట్టి చూసి లోపలికి పోయిండు.

ఈ మేలో ఆన్ చేసినప్పుడు వీడియో కాల్ చేసిన. మాకు పొద్దున తొమ్మిదిన్నర, ఆయనకు రాత్రి ఎనిమిది. మెల్లగ తిప్పిన, పీవీబీ పైనుంచి రెండు గుక్కలు ఉమ్మేసి టక్కున మూసుకుంది, అది అట్లనే చెయ్యాలె. కిందికి తిప్పి ఇత్తడి పొడిగ ఉందని చూపిచ్చిన. ఆయన దాన్ని సరిగ చూడనే లేదు. "నాలుగో జోను పెట్టు" అన్నడు. పెట్టిన, నాలుగు హెడ్లు లేచినయి. "మనం తవ్విన తాన చూపియ్." గడ్డి పూర్తిగ కలిసిపోయింది, ఎక్కడ తవ్వినమో నాకే వెంటనే దొరకలే, పల్లం చూసి పట్టుకున్న. ఫోన్ కిందికి పెట్టి కాలితో నొక్కిన.

"మెత్తగున్నదా?"

"లేదు బాపు, గట్టిగనే ఉంది."

"ఇంకోపారి తొక్కు."

తొక్కిన. చెప్పు కింద నీళ్లు ఊరలే. "సరే మరి" అని, మోటర్ బంద్ చేసొస్త అని ఫోన్ పెట్టేసిండు.